మూడు ప్లగ్గుల కోసం ఇంజిన్ నెత్తి విప్పిన శనివారం

మా టయోటా సియెన్నా కారుకి స్పార్క్ ప్లగ్గులు ఆరు. ముందు వైపు మూడూ అరగంటలో మార్చేయొచ్చు. వెనక మూడింటికి మాత్రం ముందు వైపర్లు పీకాలి, అద్దం కింద ఉండే ప్లాస్టిక్ పలక తీయాలి, వైపర్ మోటారు తీయాలి, దాని కింద ఉన్న రేకు తొట్టి తీయాలి, అప్పుడు ఇంజిన్ నెత్తి మీద కూర్చున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ పై భాగాన్ని ఎత్తి పక్కన పెట్టాలి. అదంతా అయ్యాక ప్లగ్గులు మార్చడం మళ్ళీ అరగంట పనే. ఆ తర్వాత తీసినవన్నీ తీసిన వరసకి సరిగ్గా తిరగేసి బిగించుకుంటూ రావాలి. నాకు ఒక శనివారం మొత్తం పట్టింది, దాని తోక పట్టుకుని ఇంకో నాలుగు రోజుల టెన్షన్ కూడా వచ్చింది. ఆ నాలుగు రోజుల గురించే ముఖ్యంగా రాద్దామని కూర్చున్నాను, కానీ మొదట్నుంచీ చెప్తేగానీ అర్థం కాదు.

బండి 2011 మోడల్, 3.5 లీటర్ల వీ6, ఇంజిన్ పేరు 2జీఆర్-ఎఫ్ఈ. 1,38,000 మైళ్ళు తిరిగింది. ప్లగ్గులు 1,20,000 మైళ్ళకి మార్చమని పుస్తకంలో రాసే ఉంది. నేను చదివాను కూడా. చదివి, బాగానే లాగుతోంది కదా, సంక్రాంతికి చూద్దాం, ఎండాకాలం పోయాక చూద్దాం అంటూ పక్కన పెట్టేశాను. పోయిన అక్టోబర్లో ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళి తిరిగొస్తూ టోల్‌వే ఎక్కి గట్టిగా తొక్కాను, బండి మొత్తం గజగజ వణికింది. వెనక సీట్లో పిల్లలు ఐప్యాడ్ లోంచి తల ఎత్తారంటే ఎంత వణికిందో ఊహించుకోండి. చెక్ ఇంజిన్ లైటు వెలగడం కాదు, టప్పు టప్పుమని కొట్టుకుంటోంది.

ఈ లైటు నిలకడగా వెలిగితే ఒక అర్థం, కొట్టుకుంటుంటే ఇంకో అర్థం. నిలకడగా ఉంటే వీలు చూసుకుని చూపించొచ్చు. కొట్టుకుంటోందంటే ఒక సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు, కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తోంది అని. ఆ కన్వర్టర్ ధర తెలిసినవాడు ఎవడూ అలా కొట్టుకునే లైటుతో తొక్కుకుంటూ పోడు. మెల్లగా కుడి లేన్లోకి వచ్చి, కొత్తగా నేర్చుకునే డ్రైవర్‌లాగా యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా ఇంటికి చేర్చాను.

బండి కంప్యూటర్లోని తప్పు కోడ్ చదివే స్కానర్ పెడితే పీ0303. అంటే మూడో సిలిండర్ మిస్సింగ్. ఈ ఇంజిన్ బండికి అడ్డంగా కూర్చుంటుంది, మూడు సిలిండర్లు రేడియేటర్ వైపు, మూడు ఫైర్‌వాల్ వైపు, అంటే ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే గోడ వైపు. ముందువి 2, 4, 6. వెనకవి 1, 3, 5. మూడు అనే అంకె చూడగానే నాకు ఉసూరుమంది. పీ0302 వచ్చి ఉంటే ఈ పోస్టే లేదు.

ఒక డీలర్ దగ్గర అడిగితే ఏడు వందల డాలర్ల పైనే చెప్పారు. అందులో వాళ్ళ అన్యాయం ఏమీ లేదు, ప్లగ్గుల ఖరీదు అందులో ఎంతోకాదు, మిగతాదంతా ఆ పైకప్పు విప్పి మళ్ళీ పెట్టే కూలీ. ఆ కూలీ నేనే చేసుకుంటే పోలా అనిపించింది. అలా అనిపించడానికి ఇంకో కారణం మా బాబాయ్.

మా బాబాయ్ విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజిన్ల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పైగా పనిచేశాడు. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నన్ను షెడ్డుకి తీసుకెళ్ళి డీజిల్ బేసిన్లో నట్టులు కడిగే పని ఇచ్చేవాడు, సాయంత్రానికి చేతులు నల్లగా, చొక్కా ఇంకా నల్లగా, పిన్ని తిట్లు ఇద్దరికీ సమానంగా. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంట్లో ఉంటున్నాడు. ఇక్కడ శనివారం పొద్దున తొమ్మిదంటే అక్కడ సాయంత్రం ఏడున్నర, సీరియల్ టైము, పిన్ని టీవీ ముందు, ఆయన ఖాళీ. ఫోన్ చేసి చెప్పాను.

"ప్లగ్గులు మార్చడానికి మానిఫోల్డ్ ఎందుకు విప్పుతావురా?" అన్నాడు.

"దాని కిందున్నాయి బాబాయ్."

"ఎవడ్రా డిజైన్ చేసింది?" అని కాసేపు జపాన్ వాళ్ళ మీద పడ్డాడు. తర్వాత, "సరే, వీడియో పెట్టు" అన్నాడు.

ఆయనకి అర్థం కావడానికి నేను ఒకసారి చెప్పాల్సి వచ్చింది, మీకూ చెప్తాను. ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటే ఇంజిన్ గాలి పీల్చుకునే ముక్కు రంధ్రాలు అనుకోండి. ఫిల్టర్ నుంచి వచ్చిన గాలి థ్రాటిల్ అనే తలుపు దాటి ఒక పెట్టెలోకి వచ్చి, అక్కడ నుంచి ఆరు గొట్టాలుగా చీలి ఒక్కో సిలిండర్‌కీ పోతుంది. నా బండిలో అది రెండు ముక్కలు. కింది ముక్క సిలిండర్ హెడ్లకి బిగించి ఉంటుంది, ఇంజెక్టర్లు అక్కడే ఉంటాయి, దాని జోలికి మనం వెళ్ళం, అందుకే పెట్రోలు లైను విప్పే ప్రమాదం కూడా లేదు. పై ముక్కని టయోటా వాళ్ళు సర్జ్ ట్యాంక్ అంటారు. వెనక వరస సిలిండర్ల మీదికి గొడుగులా కప్పేసి కూర్చుంటుంది. తీయాల్సింది అది. అందులోనే ఒక చిన్న కవాటం కూడా ఉంది, ఇంజిన్ వేగాన్ని బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ గాలి దారిని పొడుగు పొట్టి చేస్తుంది, మధ్య వేగంలో పొడుగు దారి, పై వేగంలో పొట్టి దారి, రెండు చోట్లా గాలి నిండుగా దూరాలని. ఇది వినగానే బాబాయ్, "మా లారీకి ఒక ఇనప గొట్టం, దానికి ఆరు బెజ్జాలు, అంతే" అన్నాడు.

పని పేరుకి మానిఫోల్డ్ తీయడం గానీ మొదటి రెండు గంటలూ మానిఫోల్డ్‌ని ముట్టుకోనే లేదు. బ్యాటరీ నెగటివ్ తీసి పక్కకి పెట్టాను. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉంది, ఇది ముఖ్యం, హెడ్డు అల్యూమినియం, వేడి మీద ప్లగ్గులు తిప్పితే మరలు పాడవుతాయి. వైపర్ చేతులు ఎక్కడ ఆగి ఉన్నాయో అద్దం మీద రంగు టేపు అంటించి గుర్తు పెట్టుకున్నాను. నట్టు తేలిగ్గా వచ్చింది, చెయ్యి మాత్రం పళ్ళ మీద పట్టేసుకుని రాదు. అటూ ఇటూ ఊపుతూ, బతిమాలుతూ పది నిమిషాలు. సుత్తి తీసుకోబోతుంటే ఫోన్లోంచి "ఆగు" అని అరుపు. అద్దానికి రెండంగుళాల దూరంలో సుత్తి అన్న ఆలోచన నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలీదు. నూనె స్ప్రే కొట్టి కాఫీ తాగి వస్తే అప్పుడు వదిలింది.

ఆ ప్లాస్టిక్ పలకని పట్టుకునే క్లిప్పులు పదమూడేళ్ళ టెక్సస్ ఎండకి అప్పడాలైపోయాయి. మూడు విరిగాయి. వాటి డబ్బా ఒకటి ముందే కొనిపెట్టుకోండి, చవక. పలక కింద చూస్తే ఎండుటాకులు దోసెడు, ఓక్ చెట్టువి, సన్నగా పొడిపొడిగా. ఇక్కడ ఒక మాట. చాలామంది ఈ ఆకుల్ని అలాగే వదిలేసి ముందుకి పోతారు. మానిఫోల్డ్ ఎత్తగానే ఇంజిన్ నోళ్ళు ఆరూ ఆకాశం వైపు తెరుచుకుంటాయి, ఏది రాలినా నేరుగా వాల్వుల దగ్గరికే. అందుకని ఎత్తకముందే వాక్యూమ్ క్లీనర్ తెచ్చి ఆకులు, మట్టి, చచ్చిన కందిరీగ ఒకటి, అంతా లాగేశాను. మా ఆవిడ గరాజ్ తలుపు దగ్గర నిలబడి, "హాల్లో పెట్టమంటే పెట్టరు గానీ కారుకి మాత్రం వాక్యూమ్ పెడతారు" అంది. నిజమే.

బోల్టులు కలిసిపోకుండా ఉండటానికి ఒక స్టీలు పోపుల పెట్టె వాడాను. మూలన పడి ఉందిలే అనుకుని తీశాను. ఏడు గిన్నెలు, ఏడు చోట్ల బోల్టులు, వైపర్లవి ఒకదాంట్లో, మోటారువి ఒకదాంట్లో, తొట్టివి ఒకదాంట్లో. ఇంతకన్నా మంచి సామాను పనిముట్ల షాపులో దొరకదు. అది మూలన పడిలేదు, అత్తగారు ఇచ్చింది, పండక్కి తీస్తారు అన్న సంగతి నాకు సాయంత్రం తెలిసింది. దాని గురించి ఇక్కడ రాయను.

ఇక అసలు పని. గాలి గొట్టం క్లాంపు వదులు చేసి తీశాను. థ్రాటిల్ బాడీకి కూలెంట్ గొట్టాలు రెండు ఉంటాయి, వాటిని విప్పితే కూలెంట్ కారుతుంది, మళ్ళీ నింపి గాలి తీయడం అదనపు గొడవ. కాబట్టి వాటిని విప్పకుండా థ్రాటిల్ బాడీనే నాలుగు బోల్టులు విప్పి, గొట్టాలతో సహా పక్కకి జరిపి తాడుతో కట్టేశాను. ఇది నా తెలివి కాదు, చాలామంది చేసేదే, కానీ అరగంట మిగులుతుంది. తర్వాత కనెక్టర్లు, సన్న గొట్టాలు, లావు గొట్టాలు. బ్రేక్ బూస్టర్ గొట్టం, పెట్రోల్ ట్యాంకు ఆవిర్లు వచ్చే గొట్టం, ఇంజిన్ లోపలి ఆవిరి వచ్చే పీసీవీ గొట్టం. తీసిన ప్రతి గొట్టానికీ, అది కూర్చునే మూతికీ ఒకే నంబరు టేపు అంటించాను. 1కి 1, 2కి 2. ఫోటోలు కూడా తీశాను, ఇరవై పైనే. గొట్టాన్ని లాగకూడదు, ముందు ప్లయర్‌తో మెత్తగా పట్టి కొంచెం తిప్పాలి, అతుక్కున్నది విడిపోయాక అప్పుడు లాగాలి. ముసలి రబ్బరు, లాగితే చిరుగుతుంది.

వెనక వైపు, ఫైర్‌వాల్‌కి ఆనుకుని, సర్జ్ ట్యాంకుని పట్టుకునే పట్టీ ఒకటి ఉంది, దాని బోల్టు కంటికి కనపడదు. చెయ్యి దూర్చి తడుముకుంటూ విప్పాలి. ఆ పక్కనే ఒక గొట్టం. దానికీ నంబరు రాశాను గానీ ఫోటో మాత్రం రాలేదు, ఫోన్ అక్కడ పట్టదు. "పర్లేదు, గుర్తుంటుందిలే" అనుకున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత నాలుగు అలెన్ కీ బోల్టులు, రెండు నట్టులు. అంతే, ట్యాంకు చేతిలోకి వచ్చేసింది. ఇంతసేపు భయపడింది దీనికా అనిపించింది. తిరగేసి చూస్తే లోపల నల్లటి నూనె జిగట. బాబాయ్ వెంటనే, "ఆయిల్ తింటోందిరా బండి, రింగులు పోయాయి" అన్నాడు. కాదు, క్రాంక్ కేసు ఆవిరిని పీసీవీ గొట్టం మళ్ళీ ఇంజిన్‌కే పీల్పిస్తుంది కదా, ఆ ఆవిరిలో నూనె సన్నగా పట్టుకుంటుంది, ఇన్ని మైళ్ళకి ఆ మాత్రం మామూలే. ఈ ఇంజిన్లో పెట్రోలు వాల్వుల వెనక పడుతుంది కాబట్టి వాల్వులు కడిగినట్టు ఉంటాయి, నేరుగా సిలిండర్లోకే కొట్టే ఇంజిన్లలో అయితే అక్కడ మసి గడ్డకడుతుంది. ట్యాంకు లోపల గుడ్డతో తుడిచాను. కింది రంధ్రాల్లోకి మాత్రం ఏ స్ప్రే కొట్టలేదు.

ఆ ఆరు రంధ్రాలు చూస్తే గుండె ఝల్లుమంటుంది, నిజంగా. ఒక వాషర్ జారిందా, ఇంజిన్ పోయినట్టే. పాత పంచె చింపి ఆరు ముక్కలు కుక్కబోయాను. బాబాయ్ వద్దన్నాడు, నూలు పోగులు రాలతాయి, అంతకంటే ముఖ్యం, గుడ్డ లోపలికి జారిపోతే మర్చిపోతావు అన్నాడు. వాళ్ళ షెడ్డులో ఒకసారి ఎవరో గుడ్డ మర్చిపోయి ఇంజిన్ స్టార్ట్ చేశారట, ఆ కథ పది నిమిషాలు చెప్పాడు, చివరికి మర్చిపోయింది ఎవరో చెప్పలేదు, నాకు అనుమానం ఉంది. చివరికి రంధ్రాల మీద రంగులు వేసేవాళ్ళ నీలం టేపు అంటించాను, ఒక్కో దాని కొస మడిచి బయటికి కనపడేలా. ఆరు అంటించాను, తీసేటప్పుడు ఆరు పీకాను, రెండుసార్లు లెక్క పెట్టుకున్నాను.

ఇప్పుడు వెనక ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిళ్ళు మూడూ కళ్ళెదుట. ఒక కనెక్టర్ లాక్ చేతిలో విరిగింది, చిన్న ప్లాస్టిక్ టై కట్టాను. కాయిల్ తీయగానే ప్లగ్గు విప్పేయకూడదు, ప్లగ్గు కూర్చునే బావిలో మట్టి ఉంటే ప్లగ్గు లేచిన మరుక్షణం సిలిండర్లోకి పడుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టాను. బావుల్లో నూనె లేదు, అది అదృష్టం, ఉంటే వాల్వ్ కవర్ ప్యాకింగ్ కూడా మార్చాల్సి వచ్చేది. ప్లగ్గులు వచ్చాయి. కొత్త డెన్సో ఇరిడియం ప్లగ్గుకి సందు 1.1 మిల్లీమీటర్లు. మూడో సిలిండర్ పాత ప్లగ్గుకి గేజ్ పెడితే 1.4 దాటింది. సందు పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి కాయిల్ ఇంకా గట్టిగా కొట్టాలి, గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి అక్కడే రవ్వ చచ్చిపోతుంది. టోల్‌వే ఎక్కుతుంటేనే ఎందుకు వణికిందో అప్పుడు అర్థమైంది.

కానీ దొంగ ప్లగ్గా, కాయిలా అన్నది తేలలేదు. ముందు వరస అయితే రెండు కాయిళ్ళు అటూ ఇటూ మార్చి కోడ్ ఎటు పోతుందో చూస్తే చాలు. వెనకది కాబట్టి ఆ అవకాశం ఇప్పుడే. మూడో సిలిండర్ కాయిల్ మీద మా ఆవిడ గోళ్ళ రంగుతో ఒక చుక్క పెట్టి, దాన్ని ముందు వైపు రెండో సిలిండర్ మీదికి తెచ్చాను, రెండో దాని కాయిల్ వెనక్కి పంపాను. కాయిల్‌దే తప్పైతే ఇకపై కోడ్ పీ0302 అని రావాలి.

ప్లగ్గుల్ని చేత్తోనే మొదలెట్టాలి, ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేళ్ళతో తిప్పుతూ, రాట్చెట్ లేకుండా. అడ్డంగా ఎక్కితే వేళ్ళకి తెలుస్తుంది, రాట్చెట్‌కి తెలీదు. మరలకి గ్రీజు లాంటిదేమీ పూయలేదు, ఈ రకం ప్లగ్గులకి అక్కర్లేదని తయారీదారులే చెప్తారు.

తర్వాత ప్యాకింగ్ దగ్గర బాబాయ్‌కీ నాకూ గొడవ. కొత్త గాస్కెట్ తెచ్చాను, ఆయన దాని మీద అనబాండ్ అనే పేస్టు పూయమంటాడు. "రెండువైపులా సన్నగా పుయ్యి, జన్మలో కారదు." నేను వద్దన్నాను. రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటే కొత్త గాస్కెట్ చాలు, పేస్టు ఎక్కువైతే లోపలికి ఉబ్బి, ఎండి, ముక్కగా ఊడి ఇంజిన్లోకే పోతుంది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

బిగించేటప్పుడు ఆరింటినీ ముందు వేళ్ళతో పట్టించాను, ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోతే ట్యాంకు ఒక పక్కకి ఎత్తుకుంటుంది. తర్వాత మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు విడతల్లో. నా బండి సర్వీసు మాన్యువల్ ప్రకారం బోల్టులకి 18 న్యూటన్ మీటర్లు, నట్టులకి 16. మీ బండి ఏడాది చూసుకుని మీ మాన్యువల్ చూసుకోండి. 18 అంటే చాలా తక్కువ, మామూలు రాట్చెట్ పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనుకునే చేతికి అది చక్కిలిగింత. అందుకే సరిపడా బిగువు రాగానే టిక్కుమనే చిన్న టార్క్ రెంచి కావాలి, చక్రాల నట్టులకి వాడే పెద్దది ఇంత తక్కువలో నమ్మదగ్గది కాదు. బాబాయ్ టార్క్ రెంచి టిక్కుమనగానే నవ్వాడు. "మా మణికట్టే టార్క్ రెంచిరా" అన్నాడు. లారీ హెడ్డు బోల్టుకి సరిపోతుంది ఆ మణికట్టు, దీనికి కాదు, కానీ ఆ మాట ఆయనతో అనలేదు.

గొట్టాలు నంబర్ల ప్రకారం పెట్టుకుంటూ వచ్చాను. వెనక గొట్టం తడుముకుంటూ తోశాను, క్లాంపు జరిపాను. తొట్టి, మోటారు, పలక, వైపర్లు. చీకటి పడింది. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను, ఒక్క దెబ్బకి పట్టుకుంది, వణుకు లేదు. బాబాయ్‌కి అక్కడ తెల్లవారి లేచే టైము అవుతోంది, మెసేజ్ పెట్టాను, బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

వణుకు లేదు గానీ ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, కొంచెం ఎక్కువుంది, అదీ నిలకడగా లేదు, మెల్లగా ఎక్కుతూ దిగుతూ, ఊపిరి తీసుకుంటున్నట్టు. బ్యాటరీ తీశాం కదా, కంప్యూటర్ ఐడిల్ మళ్ళీ నేర్చుకుంటోందిలే అని సర్దిచెప్పుకున్నాను. అది నిజంగా ఉండే విషయమే, అందుకే అంత తేలిగ్గా నమ్మేశాను. ఆదివారం నేర్చుకుంటోంది. సోమవారం నేర్చుకుంటోంది. మంగళవారం ఆఫీసు నుంచి వస్తుంటే లైటు వెలిగింది, ఈసారి నిలకడగా. పీ0171, పీ0174. రెండు వరసల్లోనూ గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

రెండూ కలిసి రావడంలోనే సగం జవాబు ఉంది. ఒక వరసకే వచ్చి ఉంటే ఆ వరస వైపు ఏదో అనుకోవచ్చు. రెండింటికీ ఒకేసారి వచ్చిందంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే నేను విప్పి పెట్టిన ఆ పెట్టె దగ్గరే ఏదో జరిగింది. పెట్రోలు ఇంజిన్లో థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్ లోపల శూన్యం లాంటిది ఉంటుంది, ఎక్కడ చిన్న సందు దొరికినా బయటి గాలి దూరిపోతుంది. ఆ గాలి ముందున్న, గాలిని కొలిచే సెన్సార్ గుండా రాలేదు కాబట్టి కంప్యూటర్ లెక్కలోకి రాదు, లెక్క తప్పుతుంది. స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత సవరిస్తోందో చూస్తే ఐడిల్‌లో 20 శాతం పైన అదనంగా పోస్తోంది, రేస్ చేస్తే తగ్గుతోంది. సందు ఉందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బాబాయ్‌కి ఇది కొత్త. ఆయన చూసిన పాత డీజిల్ లారీలకి థ్రాటిల్ ఉండదు, మానిఫోల్డ్‌లో శూన్యం ఉండదు, బ్రేకులు కూడా గాలి ట్యాంకు మీద నడుస్తాయి. సందు ఉంటే దుమ్ము పోతుందేమో గానీ ఐడిల్ ఇలా ఊగదు. అయినా, "ఫోన్ ఇంజిన్ దగ్గర పెట్టు, వింటాను" అన్నాడు. పెట్టాను. ఏమీ వినపడలేదన్నాడు. వినపడదు, ఆ ఫోను మనిషి గొంతు తప్ప మిగతా శబ్దాన్ని గోలగా లెక్కేసి కోసేస్తుంది. బ్రేక్ క్లీనర్ చల్లి చూస్తారు కొందరు, సందు దగ్గర పడితే ఐడిల్ మారుతుంది. వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే చల్లడం నాకు ఇష్టం లేదు, ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో అసలే ఇష్టం లేదు.

"నీళ్ళ గొట్టం ముక్క ఉందా?" అన్నాడు.

తోటకి నీళ్ళు పెట్టే పాత గొట్టం రెండు అడుగులు కోశాను. ఒక కొస చెవికి, ఇంకో కొస ఇంజిన్ మీద జరుపుకుంటూ పొమ్మన్నాడు. ఫ్యాను బెల్టుకి దూరంగా పట్టుకోమని మూడుసార్లు చెప్పాడు. డాక్టరు స్టెతస్కోపులాగా ఒక్కో చోటే వినపడుతుంది, పక్క గోల రాదు. ముందు వైపు ఏమీ లేదు. థ్రాటిల్ దగ్గర మామూలు గాలి చప్పుడు. గాస్కెట్ చుట్టూ తిప్పాను, నిశ్శబ్దం, నా గాస్కెట్ గెలిచింది. గొట్టాన్ని వంచి వెనక్కి, ఫైర్‌వాల్ వైపు దూర్చగానే బుస్సుమని చెవి గింగురుమంది.

ఫోటో లేని గొట్టం.

మళ్ళీ వైపర్లు. మళ్ళీ పలక. మళ్ళీ మోటారు, తొట్టి. ఈసారి ముప్పావు గంటే పట్టింది, చేతికి అలవాటైంది. చూస్తే గొట్టం మూతి మీద సగమే ఎక్కి ఉంది. మూతి చివర ఒక ఉబ్బు ఉంటుంది, గొట్టం ఆ ఉబ్బు దాటి లోపలికి పోవాలి, క్లాంపు ఆ ఉబ్బు వెనక పట్టుకోవాలి. ముసలి రబ్బరు గట్టిపడి ఉబ్బు దగ్గరే ఆగిపోయింది, నేను తడుముకుంటూ "అయిపోయింది" అనుకున్నాను, క్లాంపు ఉబ్బు మీదే కూర్చుంది. గొట్టం కొసని వేడి నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, మెత్తబడ్డాక తోస్తే సుళువుగా దాటింది. క్లాంపు వెనక్కి జరిపి, గట్టిగా ఒకసారి లాగి చూశాను. ఆ లాగి చూడటం శనివారం చేసి ఉంటే ఐదు క్షణాల పని. ఆ తర్వాత మిగతా గొట్టాలన్నీ వరసగా లాగి చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి.

ఐడిల్ నిలబడింది. ట్రిమ్ రెండు మూడు శాతంలోకి వచ్చింది. కోడ్లు తుడిచేశాను, మళ్ళీ రాలేదు. "అనబాండ్ పూసుంటే ఈ గొడవే లేదు" అన్నాడు బాబాయ్. గాస్కెట్ కాదు బాబాయ్, గొట్టం అన్నాను. "గొట్టానికి కూడా పూయొచ్చురా."

ఆరు ప్లగ్గులకి, గాస్కెట్లకి, క్లిప్పులకి కలిపి వంద డాలర్లకి కాస్త అటూ ఇటూ. టార్క్ రెంచి లెక్క వేరు. కొత్త పోపుల పెట్టె లెక్క ఇంకా వేరు, ఇండియా నుంచి వస్తోంది.

నాలుగు నెలలైంది, పీ0302 రాలేదు, కాబట్టి దొంగ ప్లగ్గే. అయినా చుక్క పెట్టిన ఆ కాయిల్‌ని దాని పాత చోటికి పంపలేదు, రెండో సిలిండర్ మీదే ఉంచాను. పదమూడేళ్ళ కాయిల్, ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, పోతే ముందు వైపే పోనీ, ఒక్క బోల్టు, వైపర్లు ముట్టుకోనక్కర్లేదు.